మంచు నీళ్ళకి ఉప్పెక్కడిది?

లదాఖ్‌లోని పాంగాంగ్ సరస్సుకి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది అక్కడ దిగగానే రెండు పనులు చేస్తారు. ఒకటి, ‘త్రీ ఇడియట్స్’ సినిమా పుణ్యమా అని ఒడ్డున నిలబెట్టిన పసుపుపచ్చ స్కూటరెక్కి ఫొటో దిగడం. రెండోది, ఒంగి దోసిట్లోకి కాసిని నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకోవడం. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉన్న నీళ్ళని చూస్తే చెయ్యి ఊరుకోదు మరి. పోసుకున్నాక మొహం అదోలా పెడతారు. నీళ్ళు ఉప్పగా ఉంటాయి. సముద్రమంత కాదుగానీ, తాగడానికి మాత్రం పనికిరావు.

ఆలోచిస్తే ఇది వింతే. చుట్టూ ఉన్నవి మంచు కొండలు. సరస్సులోకి దిగేది ఆ మంచు కరిగిన నీరు. సముద్రం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, నాలుగు వేల మీటర్లకు పైగా దిగువన ఉంది. ఉప్పెక్కడి నుంచి వచ్చినట్టు?

గైడు చెప్పే జవాబు

“ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది సార్, దాని మిగులే ఇది” అని గైడ్లు చెబుతారు. అందులో సగం నిజం. భారత ఫలకం ఉత్తరానికి జరిగి ఆసియాను గుద్దుకోక ముందు ఈ రెండింటి మధ్యా టెథిస్ సముద్రం ఉన్న మాట వాస్తవమే. అది మూసుకుపోయి దాదాపు 5 కోట్ల ఏళ్ళయింది. లదాఖ్ కొండల్లో సముద్రజీవుల శిలాజాలు ఇప్పటికీ దొరుకుతాయి. కానీ ఈ సరస్సు ఆ సముద్రానికి వారసురాలు కాదు. దాని వయసు ముందు పాంగాంగ్ పసిపిల్ల.

అంతకంటే గట్టి సాక్ష్యం ఒడ్డునే ఉంది. ఇప్పటి నీటిమట్టానికి చాలా పైన, కొండవాలు మీద, అడ్డంగా గీతలు గీసినట్టు పాత ఒడ్డుల ఆనవాళ్ళు కనిపిస్తాయి. వాటి దగ్గర పలచటి పొరలుగా పేరుకున్న పాత బురద, ఇసుక ఉన్నాయి. 1863లో ఈ ప్రాంతాన్ని సర్వే చేసిన హెన్రీ గాడ్విన్-ఆస్టిన్ (కే2 శిఖరానికి ఉన్న రెండో పేరు ఈయనదే) ఇక్కడి పాత పొరల్లో నత్తగుల్లలు చూశాడు. అవి మంచినీటిలో బతికే నత్తలవి. అంటే ఈ సరస్సు ఒకప్పుడు ఇంకా నిండుగా ఉండేది, అప్పుడు నీళ్ళు తియ్యగానే ఉండేవి. ఉప్పు తరవాత వచ్చింది.

మీరు వచ్చిన దారే ఏటి దారి

సరస్సు ఆకారం మామూలుగా ఉండదు. పొడవు 134 కిలోమీటర్లు. వెడల్పు ఎక్కడా 5 కిలోమీటర్లు దాటదు. పడమటి మూడో వంతు దాకా మన వైపు, మిగతాది టిబెట్‌లో చైనా అధీనంలో ఉంది. నిజానికి ఇది ఒకే సరస్సు కాదు, ఇరుకు కాలువలతో ఒకదానికొకటి అతుక్కున్న సరస్సుల వరస. ఉత్తరపు ఒడ్డున కొండ నుంచి నీళ్ళలోకి పొడుచుకొచ్చిన గట్లనే 2020లో చైనాతో సరిహద్దు గొడవప్పుడు పేపర్లన్నీ ‘ఫింగర్లు’ అని రాశాయి. పక్కలోయలు తొలుచుకుపోగా మధ్యలో మిగిలిన రాతి వెన్నులవి.

ఇంత సన్నగా, ఇంత పొడుగ్గా ఎందుకు? కింద నేల చీలి ఉంది కాబట్టి. పామీర్ల నుంచి కైలాస పర్వత ప్రాంతం దాకా వందల కిలోమీటర్ల మేర సాగే కారకోరం భ్రంశం ఇటుగా పోతుంది. దీనికి రెండు పక్కలా ఉన్న నేల పైకీ కిందికీ కాక పక్కకి జరుగుతుంది. ఈ గట్టున నిలబడి చూస్తే ఆ గట్టు కుడివైపుకి కదులుతున్నట్టు లెక్క. ఏడాదికి ఎంత జరుగుతుందన్న దాని మీద భూవైజ్ఞానికుల మధ్య పెద్ద తగాదా ఉంది. కొందరు కొద్ది మిల్లీమీటర్లంటారు, కొందరు సెంటీమీటరు దాకా వెళ్తారు. పాంగాంగ్ దగ్గర ఈ చీలిక రెండు పాయలై, వాటి మధ్య పాంగాంగ్ కొండల వరసను ఇరికించుకుంది. అలా రాపిడికి గురైన రాయి నలిగి, పగుళ్ళు పట్టి ఉంటుంది. నీటికైనా, హిమానీనదానికైనా దాన్ని తవ్వడం తేలిక. లోయ ఆ గీత వెంటే పడింది, సరస్సు ఆ లోయలో కూర్చుంది.

ఇప్పుడు పడమటి కొసకి వద్దాం. లేహ్ నుంచి చాంగ్ లా కనుమ దాటి వచ్చేవాళ్ళు తాంగ్త్సే, ముగ్లిబ్ ఊళ్ళ మీదుగా ఒక లోయలో ఎక్కుతూ వచ్చి లుకుంగ్ దగ్గర సరస్సుని చూస్తారు. ఆ లోయలో పచ్చికలున్నాయి, చిన్న పాయలున్నాయి, గుర్రాలు మేస్తుంటాయి. కిటికీలోంచి అందరూ సరస్సు ఎప్పుడొస్తుందా అని చూస్తారుగానీ, ఆ లోయే అసలు కథ. ఒకప్పుడు పాంగాంగ్ నీళ్ళు పొంగి బయటికి పోయిన దారి అది. అటు నుంచి షయోక్ నదిలోకి, అక్కడి నుంచి సింధులోకి, చివరికి అరేబియా సముద్రంలోకి పోయేవి.

ఆ దారి మూసుకుంది. ఎలా మూసుకుందన్నది పాత వాదన. జమ్మూ కాశ్మీర్ మహారాజు కొలువులో పనిచేసిన భూవైజ్ఞానికుడు ఫ్రెడరిక్ డ్రూ, 1875లో వేసిన పుస్తకంలో తప్పంతా పక్క వాగులదే అన్నాడు. నిటారు కొండ మీద నుంచి ఉరికొచ్చే వాగు, చదును నేల తగలగానే జోరు తగ్గి, మోసుకొచ్చిన రాళ్ళూ కంకరా అక్కడే దింపేస్తుంది. అది విసనకర్రలా పరుచుకుంటూ లోయకి అడ్డంగా మేట వేస్తుంది. లదాఖ్‌లో ఇలాంటి మేటలు ఏ మలుపు తిరిగినా కనిపిస్తాయి, ఊళ్ళు కూడా వాటి మీదే ఉంటాయి. 1906లో అమెరికన్ ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ దీన్ని ఒప్పుకోలేదు. హిమానీనదం రాతిని గిన్నెలా తవ్వడం వల్లే సరస్సు ఏర్పడిందని ఆయన వాదించాడు.

నాకైతే ఈ వాదన ఒక ప్రశ్నను పక్కన పెట్టినట్టనిపిస్తుంది. అడ్డం ఏదైనా కానీండి, కంకరో రాయో. నీళ్ళు వస్తూనే ఉంటే ఏ గట్టు దాకా అయినా నిండి, ఏదో ఒక రోజు పొర్లాల్సిందే కదా. పొర్లడం లేదంటే నీళ్ళు ఇంకో దారిన పోతున్నాయన్నమాట. ఆ దారి పైకి ఉంది.

తాళం వేసింది ఎండ

లేహ్‌లో ఏడాది పొడుగునా పడే వానా మంచూ కలిపితే దాదాపు 100 మిల్లీమీటర్లు. మన దగ్గర శ్రావణంలో ఒక్క అల్పపీడనం రెండు రోజుల్లో కురిపించేంత. రుతుపవన మేఘాలు తమ నీళ్ళన్నీ హిమాలయాల దక్షిణపు వాలు మీదే దింపుకుంటాయి. దాటి వచ్చేది పొడిగాలి. 4,200 మీటర్లకు పైన గాలి పలచన, ఎండ తీక్షణం, మధ్యాహ్నమైతే ఈదురుగాలి. ఆరుబయట తడిబట్ట ఆరడానికి ఎంతో సేపు పట్టదు. ఆరువందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నీటి ఉపరితలం నుంచి ఆ గాలి నీటిని లాగుతూనే ఉంటుంది.

వాగులు తెచ్చే నీరూ, ఆవిరయ్యే నీరూ సమానమైన చోట నీటిమట్టం ఆగుతుంది. అది గట్టు కంటే దిగువన ఆగితే సరస్సుకి బయటి దారి ఉండదు. వాతావరణం చల్లగా, తడిగా ఉన్న కాలంలో ఇదే సరస్సు గట్టు దాటి షయోక్‌లోకి పారింది. పొడి కాలంలో వెనక్కి తగ్గింది. కంకర మేట తలుపు మాత్రమే. దానికి తాళం వేసింది ఎండ.

ఇక ఉప్పు. మంచునీటిలో ఉప్పు లేకపోవచ్చు, కానీ కొండ మీద నుంచి దిగేటప్పుడు ఆ నీరు ఊరికే దిగదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి అది అతి స్వల్పంగా పులుస్తుంది. రాళ్ళ మీదా, పగుళ్ళలోనూ పారుతూ సోడియం, కాల్షియం, మెగ్నీషియం లాంటివాటిని చిటికెడు చిటికెడు కరిగించుకుంటుంది. గోదావరి అయినా ఇదే చేస్తుంది. ఏ నది నీరైనా కాస్త ‘ఉప్పు’ నీరే, మన నాలికకి అందదంతే. గోదావరి తన ఉప్పుని సముద్రానికి అప్పజెప్పి చేతులు దులుపుకుంటుంది. పాంగాంగ్‌కి ఆ వీలు లేదు. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మరుసటేడు మరికాస్త చేరుతుంది. అలా వేల ఏళ్ళు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి, సరస్సు అంతా ఒకేలా ఉప్పగా లేకపోవడం. తూర్పు కొసన, రుతోక్ వైపు, లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు 0.68 గ్రాములు. అది మంచినీటి కిందే లెక్క. పడమటి కొసన, మన టూరిస్టులు నోట్లో పోసుకునే చోట, 11 గ్రాములు. అంటే దాదాపు 16 రెట్లు. సముద్రంలో 35 గ్రాములుంటాయి కాబట్టి ఇది అందులో మూడో వంతు.

చినగంజాం దగ్గరో, నౌపడా దగ్గరో ఉప్పు మడులు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. నీటిని ఒకేసారి ఎండబెట్టరు. మొదటి మడిలో కొంత చిక్కబరిచి రెండో మడిలోకి, అక్కడి నుంచి మూడో మడిలోకి వదులుతారు. ప్రతి మడిలోనూ నీరు తగ్గి ఉప్పు చిక్కబడుతుంది. పాంగాంగ్‌లో పెద్ద ఏరులు తూర్పున కలుస్తాయి. ఆ నీరు ఇరుకు కాలువల గుండా ఒక సరస్సులోంచి ఇంకో సరస్సులోకి, పడమటికి మెల్లగా జరుగుతుంది. దారి పొడుగునా ఆవిరవుతూనే వస్తుంది. మన వైపు ఉన్నది చివరి మడి. తేడా ఒక్కటే, ఇక్కడ పని ఉప్పు గడ్డకట్టేదాకా వెళ్ళదు.

> ఉప్పు నీరు గడ్డకడుతుందా?
>
> శీతాకాలంలో పాంగాంగ్ పైన మందపాటి మంచు పేరుకుంటుంది. 2023 ఫిబ్రవరిలో దాని మీద 21 కిలోమీటర్ల పరుగుపందెం కూడా పెట్టి గిన్నిస్ రికార్డుకెక్కించారు. ఉప్పు నీరు గడ్డకట్టదని విన్నవాళ్ళకి ఇది ఆశ్చర్యం.
>
> మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. ఇంకా చల్లబడితే తేలికై పైకి తేలుతుంది. అందుకే చెరువు పైన గడ్డకట్టినా అడుగున నీరు నీరుగానే ఉంటుంది. ఉప్పు చేరేకొద్దీ ఈ ‘బరువైన’ ఉష్ణోగ్రత కిందికి జరుగుతుంది. సముద్రపు ఉప్పు లీటరుకి 25 గ్రాములకు కాస్త తక్కువ ఉన్నప్పుడు అది గడ్డకట్టే స్థానంతో కలిసిపోతుంది. అంతకు మించితే, చల్లబడ్డ నీరు గడ్డకట్టేదాకా కిందికి మునుగుతూనే ఉంటుంది, పైపొర గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. పాంగాంగ్‌లో 11 గ్రాములే కాబట్టి అది సముద్రంలా కాక చెరువులా ప్రవర్తిస్తుంది. నీరంతా ఒకటి రెండు డిగ్రీల దాకా చల్లబడ్డాక పైపొర అక్కడే నిలిచి, సున్నాకి కొంచెం కింద గడ్డకడుతుంది. బయట గాలి మైనస్ 20కి దిగే చోట అదేమంత కష్టం కాదు.

ఆ నీలం మాటేమిటి

ఫొటోల్లో చూసి రంగు దిద్దారేమో అనుకుంటాంగానీ అక్కర్లేదు. నీరు ఎరుపు కాంతిని మింగి నీలాన్ని వదిలేస్తుంది. నాచు, బురద ఎక్కువగా ఉన్న చెరువులో ఈ సంగతి మరుగునపడుతుంది. ఇక్కడ అవి తక్కువ. ఒడ్డున లోతు లేని చోట అడుగు ఇసుక కనబడి ఆకుపచ్చగా, లోపలికి వెళ్ళేకొద్దీ ముదురు నీలంగా మారుతుంది. పైన దుమ్మూ తేమా లేని పలచటి గాలి కావడంతో ఆకాశమే మన ఆకాశం కంటే ముదురు. మబ్బు పట్టిన రోజు వెళ్ళినవాళ్ళు బూడిదరంగు సరస్సుని చూసి డబ్బులు దండగైనట్టు బాధపడతారు.

చేపల్లేని నీళ్ళ మీద పక్షులు

మన వైపు సరస్సులో చేపలు కనిపించవు. ఉప్పు, చలి, తిండి కొరత, మూడూ కలిసిన చోటు అది. కానీ చుషూల్ వైపు నుంచి వచ్చి కలిసే వాగులో మూడు జాతుల చేపలున్నాయి. జీవమంతా ఇలా అంచుల్లోనే పోగుపడి ఉంటుంది. మంచినీటి వాగు సరస్సుని తాకే చోట చిత్తడి నేల, అందులో గడ్డి, గడ్డి మధ్య పురుగులు, వాటి కోసం పక్షులు.

ఆ పక్షుల్లో ఒకటి మనకి బాగా పరిచయం. నారింజ రంగు ఒళ్ళు, లేతరంగు తల ఉన్న బాతు జంటజంటగా తిరుగుతుంటుంది. మన ప్రబంధ కవులు రాత్రిళ్ళు విడిపోయి అలమటించేలా చేసిన జక్కవలు ఇవే. చలికాలంలో మన నదుల ఇసుకతిన్నెల మీదికి వచ్చే ఈ పక్షుల వేసవి కాపురం ఇలాంటి ఎత్తయిన సరస్సుల దగ్గర. కవులు చూసింది వలసకాలపు విరహాన్ని, సంసారం మాత్రం ఇక్కడే.

ఇంకొకటి, తెల్లటి తల వెనక రెండు నల్లటి పట్టీలున్న పెద్దబాతు. సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యానికి చలికాలంలో వచ్చే విదేశీ అతిథుల్లో ఇదీ ఉంటుంది. దీనికి హిమాలయం అడ్డు కాదు. ట్రాన్స్‌మిటర్లు కట్టి వెంబడించిన శాస్త్రవేత్తలకి ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తున ఎగురుతూ దొరికింది. ఆ ఎత్తులో ఆక్సిజన్ సముద్రతీరంలో ఉన్నదానిలో సగం కూడా ఉండదు. మనిషి నడవడానికే రొప్పే చోట రెక్కలాడించడం దీనికెలా సాధ్యం?

రక్తం నుంచి మొదలుపెట్టాలి. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో, ఒక గొలుసులో 119వ స్థానంలో ఉండాల్సిన ప్రోలీన్‌కి బదులు ఈ బాతుకి అలనీన్ ఉంటుంది. వందల అమైనో ఆమ్లాల్లో ఒక్క మార్పు. దాంతో ఆ అణువు ఆక్సిజన్‌ని ఇంకాస్త ఆత్రంగా పట్టుకుంటుంది. దీనికి తోడు పెద్ద ఊపిరితిత్తులు, రెక్క కండరాల్లో దట్టమైన రక్తనాళాలు. ఎగిరే పద్ధతిలో కూడా తెలివి ఉంది. చల్లగాలి బరువుగా ఉండి రెక్కకి బాగా ఆనుతుంది కాబట్టి, కనుమలు దాటేది ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున. పైగా ఒకసారి పైకెక్కాం కదా అని అక్కడే ఉండిపోదు. కొండ లేచిన చోట లేస్తూ, లోయ వచ్చిన చోట దిగుతూ నేలను అంటిపెట్టుకునే పోతుంది. దిగి మళ్ళీ ఎక్కడం దండగ అనిపిస్తుంది మనకి. కానీ పలచటి గాలిలో ఉండిపోవడానికి అయ్యే శ్రమ దాన్ని మించిందని మంగోలియా బాతులకు పరికరాలు అమర్చి చేసిన పరిశోధన 2015లో తేల్చింది.

నల్లమెడ కొంగని చూడాలంటే చుషూల్, హాన్లే చిత్తడి నేలల వైపు వెళ్ళాలి. లదాఖ్ రాష్ట్రపక్షి హోదా దీనిది. నీటి మధ్య గడ్డి దిబ్బ మీద సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. నక్కా తోడేలూ రాకుండా చుట్టూ నీళ్ళుంటే చాలనుకునే పక్షి ఇది. నీళ్ళలో దిగడానికి జంకని ఊరకుక్కల లెక్క దాని దగ్గర లేదు. సైనిక శిబిరాలూ, టూరిస్టు గుడారాలూ పారేసే తిండితో పెరిగిన కుక్కలే ఇవాళ దాని గూళ్ళకి పెద్ద గండం. దారిలో బొరియల ముందు నిలబడి చూసే మార్మట్ల సంగతీ అంతే. కార్లు ఆపి బిస్కెట్లు తినిపిస్తున్నారు. ఆరు నెలల శీతాకాలాన్ని బొరియలో నిద్రపోయి దాటడానికి గడ్డీ వేర్లూ తిని కొవ్వు దాచుకునే జంతువుకి ఆ క్రీమ్ బిస్కెట్టు చేసే మేలేమీ లేదు.

> పక్క సరస్సు కింద పాతాళం
>
> పాంగాంగ్‌కి దక్షిణాన, ఇంకా ఎత్తున, 4,500 మీటర్ల దగ్గర త్సో మొరీరి ఉంది. దాని దగ్గరి కొండల్లో కోయసైట్ అనే ఖనిజం దొరికినట్టు 2001లో మన శాస్త్రవేత్తలు ప్రకటించారు. మామూలు ఇసుకరేణువులో ఉండే సిలికాయే ఇది. అయితే భూమిలోపల 90 కిలోమీటర్ల లోతుకి పోయి నలిగితేనే ఈ రూపం వస్తుంది. అంటే ఆసియాని గుద్దుకున్న భారత ఫలకం అంచు అంత లోతుకి కుంగి, మళ్ళీ పైకి తేలింది. తీరిగ్గా తేలి ఉంటే ఖనిజం తిరిగి మామూలు క్వార్ట్జ్‌గా మారిపోయేది. కాబట్టి వేగంగానే వచ్చి ఉండాలి, భూమి కొలతల్లో.

పెరిగే నీరు, పోని మురికి

టిబెట్ పీఠభూమి మీద బయటి దారి లేని సరస్సుల్లో ఎక్కువ భాగం 1990ల నుంచి ఉబ్బుతున్నాయి. వానా మంచూ పెరగడం ముఖ్య కారణం. హిమానీనదాలు కరిగిన నీరు దానికి తోడు. వినడానికి శుభవార్తలా ఉంటుంది. కానీ చిత్తడి అంచుల మీద బతికే పక్షికి నీటిమట్టం ఒక మీటరు పెరిగినా గూడు మునిగినట్టే. కొత్త అంచు దగ్గర మళ్ళీ గడ్డి మొలిచి, పురుగు చేరడానికి కాలం పడుతుంది. పైగా కరిగే హిమానీనదం శాశ్వతంగా నీళ్ళివ్వదు. అది అయిపోయాక లెక్క తిరగబడుతుంది.

రెండోది మన చేతిలో ఉన్న పని. ఉప్పుని పట్టి ఉంచిన తాళమే మిగతావాటినీ పట్టి ఉంచుతుంది. సబ్బునీళ్ళూ, మరుగుదొడ్డి నీళ్ళూ ఒడ్డు కంకరలోంచి ఇంకి సరస్సు చేరితే, వాటిని మోసుకుపోయే ఏరు లేదు. చలికి కుళ్ళడం కూడా నెమ్మదే. లదాఖీ ఇళ్ళల్లో దీనికి ఎప్పటి నుంచో పద్ధతి ఉంది. మరుగుదొడ్డి మేడమీద ఉంటుంది, నేలలో చిన్న కంత. నీళ్ళు పొయ్యరు. పక్కన కుప్పపోసిన మట్టినీ బూడిదనీ పారతో ఒకసారి తోస్తారు, అంతే. కింది గదిలో అది ఏడాదంతా మాగి, వాసన పోయి, వసంతంలో బార్లీ, బఠాణీ చేలకి ఎరువై వెళ్తుంది. పాంగాంగ్ ఒడ్డు ఊళ్ళు స్పాంగ్మిక్, మాన్, మేరక్‌లలో పంట పండించే నేల కొద్దిగానే ఉంటుంది, ఆ ఎరువు దానికే చాలదు. గుడారాల్లో దిగే మనం మాత్రం కమోడూ, ఫ్లష్షూ, వేడినీళ్ళ షవరూ ఉన్నాయా అని ముందే ఫోన్లో కనుక్కుని మరీ వెళ్తాం. ఆ ఫోన్లోనే ఇంకో మాట కూడా అడగొచ్చు: ఫ్లష్ చేసిన నీళ్ళు ఏ గుంతలోకి పోతాయి, ఆ గుంత ఒడ్డుకి ఎంత దూరం?